డిగ్రీ దండగ కాదు, నాలుగేళ్ళ బెంచీ దండగ

ఏటా జూన్, జూలై నెలల్లో మా బంధువుల నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. ఈఏపీసెట్ ర్యాంకులొచ్చి, వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులవి. ఏ కాలేజీ మంచిది, సీఎస్ఈ దొరక్కపోతే ఈసీఈలో చేరాలా, అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ సీటు కొనాలా అని అడుగుతారు. ఈసారి మా అక్క కొడుకు వేరే ప్రశ్న వేశాడు. "మావయ్యా, అసలు బీటెక్ ఎందుకు? నాలుగేళ్ళు వేస్టంట కదా. ఆ నాలుగేళ్ళూ ఎక్కడైనా పనిచేస్తే ఎక్స్‌పీరియన్స్ వస్తుందిగా?" వెనక నుంచి అక్క గొంతు వినబడుతోంది. "ఫోన్లో ఏదో వీడియోలో ఎవడో చెప్పాడంట తమ్ముడూ, నువ్వైనా నాలుగు చీవాట్లు పెట్టు."

చీవాట్లు పెట్టలేదు. వాడి మాటలో సగం న్యాయం ఉంది. మిగతా సగం మాత్రం వాడిలాంటి పిల్లల్ని ముంచేస్తుంది. ఆ రెండు సగాల్నీ విడదీసి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తే నయం. నేను విజయవాడలో మెకానికల్ డిప్లొమా చేసి, హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. తర్వాత ఉద్యోగం చేసుకుంటూనే ఉస్మానియాలో సాయంత్రం క్లాసులకు వెళ్ళి బీఈ పూర్తి చేశాను. ఇప్పుడు యంత్ర భాగాలు తయారు చేసే ఒక సంస్థలో పనిచేస్తూ, కొత్తవాళ్ళని తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటున్నాను. బీఈ చేతికి రాకముందు నెల నేను గీసిన డ్రాయింగులూ, వచ్చాక నెల గీసినవీ ఒకటే. హోదా మారింది, జీతం మారింది, కస్టమర్ దగ్గరికి పంపించే జాబితాలో నా పేరు చేరింది. పని మాత్రం అదే. అందుకని డిగ్రీ మనకు ఏం నేర్పుతుందన్న ప్రశ్న కంటే, అది లేకపోతే మనల్ని ఎక్కడెక్కడ ఆపేస్తారన్న ప్రశ్న నాకు ముఖ్యం.

"డిగ్రీ దండగ" అనేవాళ్ళు ముందుగా తీసేది బిల్ గేట్స్ పేరు, తర్వాత జుకర్‌బర్గ్ పేరు. ఇద్దరూ కాలేజీ మానేశారు, నిజమే. మానేసింది హార్వర్డ్‌ని. అక్కడ సీటు తెచ్చుకోవడమే ఒక సర్టిఫికెట్. మన దేశంలో అజీమ్ ప్రేమ్‌జీ పేరు కూడా చెబుతారు. తండ్రి చనిపోవడంతో 1966లో స్టాన్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలి వచ్చి, కుటుంబ వ్యాపారం చేపట్టారాయన. విప్రోని అంత పెద్ద సంస్థగా చేశాక, మూడు దశాబ్దాల తర్వాత మిగిలిన కోర్సులు పూర్తి చేసి డిగ్రీ తీసుకున్నారన్న సంగతి మాత్రం ఈ వీడియోల్లో ఎక్కడా ఉండదు. అంతటివాడికీ దాని మీద ఆశ చావలేదు.

మనవాళ్ళలోనే ఇంతకంటే మంచి ఉదాహరణలున్నాయి. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో, తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893లో పుట్టారు జి.డి. నాయుడు. బడి చదువు ప్రాథమిక తరగతుల్లోనే ఆగిపోయింది. ఒక అధికారి మోటారు సైకిల్ చూసి మోజుపడి, హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, ఏ భాగానికి ఆ భాగం విప్పి మళ్ళీ బిగించాడట. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థని నడిపారు. 1937లో దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటార్ వెనక కూడా ఆయన చెయ్యి ఉంది.

ఇంతవరకూ విని "చూశారా, చదువెందుకు?" అనేస్తారు జనం. అసలు కథ ఆ తర్వాత ఉంది. బడికి సరిగ్గా వెళ్ళని ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ పెట్టించారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టిన ఆ కాలేజీయే ఇవాళ్టి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ కోర్సుకి రెండేళ్ళు చాలని నాయుడు వాదించారు. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన ఆ కాలేజీ ప్రిన్సిపాల్ పదవి వదిలేసి బయటికి వచ్చేశారు. ఆయనకి చదువు మీద కోపం లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. కుర్రాళ్ళని అన్నేళ్ళు ఎందుకు కూర్చోబెడతారన్నదే ఆయన గొడవ. ఎనభై ఏళ్ళు దాటినా ఆ గొడవ తీరలేదు.

రెండో ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. మిగతా సబ్జెక్టుల్లో ఎంత బాగా రాసినా, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ రకం సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. చదివిన చదువు అదే, వచ్చిన కాగితమే వేరు. ఆ కాగితంతో మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్తే, అక్కడా డాక్టరుగా పనిచేసే వీల్లేక, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. హార్వర్డ్‌లో మళ్ళీ చదివి, 1930లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ లాంటి మందుల వెనక ఆయనా, ఆయన బృందమూ ఉన్నారు. అంత తెలివి ఉన్న మనిషి కూడా ఒక కాగితం దెబ్బని ఇంకో కాగితంతోనే దాటాల్సి వచ్చింది. ప్రతిభ ఉంటే చాలు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయని మా మేనల్లుడికి చెప్పినవాడెవడో గానీ, ఈ కథ విని ఉండడు.

ఇక పని అనుభవం వైపు చూద్దాం. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉంది. నా చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక వీధంతా బాడీ బిల్డింగ్, ఒక వీధంతా కమాన్ కట్టలు, ఇంకోచోట లేత్‌లు, మరోచోట డీజిల్ పంపులు, నాజిళ్ళు. బాబాయి షెడ్డులో పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఐదో తరగతిలోనే బడి మానేసి, టీలు అందిస్తూ, పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాడు. లారీ గేటు దాటి లోపలికి రాకముందే శబ్దం విని, "గేరు బాక్సులో బేరింగు పోయింది, దించండి" అనేవాడు. దించితే అదే అయ్యేది. నేను కాలేజీలో బేరింగుల పాఠం చదివేటప్పుడు నాకు కళ్ళ ముందు కదిలింది ఆ గేరు బాక్సే.

ఆయన దగ్గరున్నది చదువు కాదని ఎవడైనా అంటే నేను పోట్లాడతాను. కాకపోతే ఆ చదువుకి రెండు జబ్బులున్నాయి.

ఒకటి, అది ఆటోనగర్ దాటదు. మేస్త్రి గొప్పతనం ఆ నాలుగు వీధులకి తెలుసు, అక్కడికొచ్చే లారీ ఓనర్లకి తెలుసు. కూతురి పెళ్ళయ్యాక ఆయన హైదరాబాద్ వెళ్ళి ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో పని అడిగితే, "ఐటీఐ ఉందా?" అని అడిగారు. లేదంటే హెల్పర్‌గా తీసుకుంటామన్నారు. తన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాళ్ళ వయసున్న ఐటీఐ కుర్రాడి దగ్గర హెల్పర్! ఆయన తిరుగు బస్సెక్కి వచ్చేశాడు. తెలిసినవాళ్ళు మాటిస్తేనే చెల్లుతుంది అలాంటి అనుభవం. కాగితానికి అంత ఇబ్బంది లేదు. దాని వెనక ఏమున్నా లేకపోయినా, ముక్కూ మొహం తెలియని చోట కూడా దాన్ని చూసి లోపలికి రానిస్తారు.

రెండోది, బండి మారితే ఆ అనుభవం కూడా పాతబడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్ళే అమ్మాలన్నారు. పొగలో విషవాయువులు తగ్గించడానికి కొత్త లారీల్లో సెన్సర్లు పెరిగాయి, డెఫ్ అనే ద్రవం పోసే ట్యాంకులు వచ్చాయి. అన్నిటి మీదా కంప్యూటర్ పెత్తనం వచ్చింది. ఇంజిన్ శబ్దం బాగానే ఉంటుంది, బండి మాత్రం స్పీడందుకోదు. స్కానర్ పెట్టి, కోడ్ చదివి, అదేం చెబుతుందో అర్థం చేసుకోవాలి. చేత్తో నేర్చుకున్నవాడికి అది ఎందుకలా అవుతోందో చెప్పే పుస్తకం ఎవరూ ఇవ్వలేదు. ఎందుకన్నది చెప్పగలగడమే కాలేజీ చదువు చేయాల్సిన పని. మన కాలేజీలు అది సరిగ్గా చేస్తే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు.

ఇప్పుడు టేబుల్‌కి ఇవతలి వైపు సంగతి. ఒక ఉద్యోగానికి ప్రకటన ఇస్తే దరఖాస్తులు వందల్లో వస్తాయి. వాటన్నిటినీ కూర్చుని చదివే తీరిక ఎవరికీ ఉండదు. ముందు బీటెక్ లేనివాళ్ళని తీసేస్తారు. తర్వాత టెన్త్ నుంచి 60 శాతం లేనివాళ్ళని, బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళని తీసేస్తారు. ఇందులో మనిషికి పనొచ్చా రాదా అన్న పరీక్ష ఎక్కడా లేదు. ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లోనే ఈ తంతుని విప్పి చెప్పాడు. డిగ్రీలో నేర్చుకున్నది పనికి రాకపోయినా, అంతకాలం ఓర్చుకుని గట్టెక్కాడన్న సంగతే కంపెనీకి గుర్తుగా ఉపయోగపడుతుందని ఆయన వాదన. 2001లో నోబెల్ పంచుకున్నాడు. మా హెచ్ఆర్‌కి స్పెన్స్ ఎవరో తెలియదు గానీ, ఆ సిద్ధాంతాన్ని రోజూ అమలు చేస్తోంది.

"ఇప్పుడు కంపెనీలు డిగ్రీ అడగడం లేదు, స్కిల్ ఉంటే చాలు" అన్న మాట గట్టిగా వినబడుతోంది. అమెరికాలో చాలా పెద్ద కంపెనీలు అలా ప్రకటించాయి కూడా. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ సంస్థ కలిసి 2024లో లెక్క తీస్తే, ఆ మార్పు వల్ల నిజంగా ఉద్యోగం దొరికినవాళ్ళు ఏడాది నియామకాల్లో 700కి ఒకరు కూడా లేరు. ప్రకటనలో గీత కొట్టేశారు, తీసుకునే అలవాటు మాత్రం మారలేదు. అంత హడావిడి జరిగిన చోటే ఇంతైతే, మన దగ్గర ఎలా ఉంటుందో చెప్పాలా?

తెలుగువాళ్ళకి ఇంకో తలుపు ఉంది, విదేశం. అక్కడ ఈ లెక్క అంకెల్లోనే రాసి ఉంటుంది. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాకి బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ కావాలి. డిగ్రీకి ఏళ్ళు తక్కువ పడితే మూడేళ్ళ ఉద్యోగ అనుభవాన్ని ఒక ఏడాది చదువుగా లెక్కిస్తారు. మన మూడేళ్ళ బీకాం, బీఎస్సీ వాళ్ళు చాలామంది ఆ సూత్రంతోనే గట్టెక్కారు. అంటే కాలేజీలో ఒక ఏడాది కూర్చోవడానికి షాప్‌ఫ్లోర్ మీద మూడేళ్ళు చెమటోడ్చడం సమానం. ఇది ఏ తూకమో నాకైతే అర్థం కాదు. అయినా ఒక తూకమంటూ ఉంది. గ్రీన్‌కార్డు దగ్గర, ఈబీ-2 కేటగిరీకి వచ్చేసరికి అదీ పోతుంది. అక్కడ బ్యాచిలర్ డిగ్రీ మీద ఐదేళ్ళ అనుభవం కలుపుతారు గానీ, డిగ్రీ బదులు అనుభవం చూపిస్తానంటే ఒప్పుకోరు. గల్ఫ్ వైపు చూస్తే గీత ఇంకా కింద ఉంది. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర ఉండదు. తప్పితే, పనికి వెళ్ళే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల్లో ఇరవై ఏళ్ళు మేస్త్రి పని చేసినవాణ్ణి కూడా ఆ టెన్త్ మెమో దగ్గరే ఆపుతారు.

అయితే డిగ్రీ కొనుక్కుంటే చాలా? అదీ లేదు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2023లో వెలువరించిన నివేదికలో ఒక అంకె చాలా పత్రికల్లో వచ్చింది. పాతికేళ్ళ లోపు పట్టభద్రుల్లో 42 శాతం మందికి పైగా నిరుద్యోగులు. అదే నివేదికలో, 35 దాటిన పట్టభద్రుల్లో నిరుద్యోగం 5 శాతం లోపే అన్న ఇంకో అంకె ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అంటే చివరికి ఏదో ఒక పని దొరుకుతోంది, కానీ చదువుకీ పనికీ మధ్య ఏళ్ళకేళ్ళు ఖాళీగా పోతున్నాయి. చదివిన చదువుకి తగ్గ పనేనా అన్నది మళ్ళీ వేరే ప్రశ్న.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో చూడాలంటే అమీర్‌పేట వెళ్ళాలి. నాలుగేళ్ళు చదివి పట్టా తీసుకున్నాక, మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో మళ్ళీ ఫీజు కట్టి జావానో టెస్టింగో నేర్చుకుంటారు. హాస్టల్ ఖర్చు అదనం. నాలుగేళ్ళలో నేర్పనిది నాలుగు నెలల్లో నేర్పగలిగితే, ఆ నాలుగేళ్ళూ దేనికని అడగాల్సింది కాలేజీల్నే. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలయ్యాక ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాకా పెరిగాయి. ఆ పథకాన్ని నేను తిట్టను. వ్యవసాయ కూలీల ఇళ్ళలో మొదటి ఇంజనీరు పుట్టింది దానివల్లే. కానీ సీటు నిండితే కాలేజీకి డబ్బొస్తుంది, కుర్రాడికి పని వచ్చిందా లేదా అన్న దానితో ఆ డబ్బుకి సంబంధం లేదు. పైగా ప్రభుత్వ బకాయిలు పేరుకుపోతే, ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళమని కాలేజీలు పిల్లల్ని నిలబెట్టేస్తాయి. డిగ్రీ వచ్చినా అది చేతికి రాదు. ఏటా వార్తల్లో చూస్తున్నదే.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలిసిన రహస్యమిది. డిగ్రీ ఉండి అనుభవం లేనివాడు, కన్సల్టెన్సీకి డబ్బు కట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొంటాడు. అనుభవం ఉండి డిగ్రీ లేనివాడు, ఎక్కడో పేరు వినని యూనివర్సిటీ నుంచి దొంగ డిగ్రీ కొంటాడు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని నా ముందుకి వస్తారు. ఒకడి దగ్గర ఉన్నదే రెండోవాడికి కావాలి! మొదటివాణ్ణి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో పట్టుకోవడం తేలిక, పీఎఫ్ రికార్డు చూస్తే చాలు. రెండోవాణ్ణి పట్టుకున్నప్పుడు మాత్రం నాకు మనసు బాగుండదు. పని వచ్చినవాడు కదా.

కాబట్టి నా మాట ఇది. డిగ్రీ అవసరమే, ముఖ్యంగా వెనక ఆస్తి గానీ, తెలిసినవాళ్ళు గానీ లేని ఇంటి పిల్లలకి. "డిగ్రీ ఎందుకు, పనిలోకి దిగు" అన్న సలహా షెడ్డు ఉన్నవాడి కొడుక్కి పనికొస్తుంది, షెడ్డులో పానాలందించేవాడి కొడుక్కి పనికిరాదు. అయితే ఆ కాగితం కోసం, సంపాదన మొదలుపెట్టగలిగిన వయసులో నాలుగేళ్ళు పూర్తిగా బెంచీ మీద కూర్చోవాలన్న నియమం దండగ. నాయుడుగారు 1945లో అన్నదే నేనూ అంటున్నాను. ఫీజు కంటే ఆ ఏళ్ళే ఎక్కువ ఖరీదు. ఫీజుకి రీయింబర్స్‌మెంట్ ఉంది, వయసుకి లేదు.

ఈ మాట ఆడపిల్లల విషయంలో ఇలాగే చెప్పలేను. మా ఇళ్ళలో అమ్మాయికి బీటెక్ నాలుగేళ్ళంటే, నాలుగేళ్ళ పాటు సంబంధాలు చూడకుండా ఆపడం. హాస్టల్, సొంత ఫోన్, బస్ పాస్, ఊరు దాటి వెళ్ళే హక్కు. క్లాసులో ఏమీ నేర్చుకోకపోయినా ఆ నాలుగేళ్ళు ఊరికే పోవు. పైగా "పని నేర్చుకో" అనే మాట అమ్మాయిలకి వర్తించేదెక్కడ? ఆటోనగర్‌లో నా చిన్నప్పుడు పానా పట్టుకున్న అమ్మాయి ఒక్కరూ కనబడలేదు. మొన్న వెళ్ళినా కనబడలేదు. మేస్త్రి దగ్గర చేరి పని నేర్చుకునే దారి మగపిల్లలకి మాత్రమే ఉంది. నా చెల్లెలి కూతురు రేపు ఇదే ప్రశ్న అడిగితే, బెంచీ మీద కూర్చోమనే చెబుతాను.

అక్క కొడుక్కి మాత్రం కొన్ని లెక్కలు చెప్పాను. వాడు ఇంటర్ అయిపోయినవాడు కాబట్టి కొన్ని దారులు దాటిపోయాడు, కానీ వాడి తమ్ముడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా, ఆపైన ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్ళొచ్చు. మొత్తం ఆరేళ్ళు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపినా ఆరేళ్ళే. తేడా ఏంటంటే, డిప్లొమావాడి చేతిలో సగం దారిలోనే, పద్దెనిమిదేళ్ళ వయసులోనే ఒక పట్టా ఉంటుంది. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆగి పనిలో చేరగలడు. ఇంటర్‌వాడు బీటెక్ రెండో ఏడాదిలో ఆగిపోతే చేతిలో ఇంటర్ మెమో తప్ప ఏమీ ఉండదు. ఈ ఒక్క లెక్క కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటింటికీ తిరిగి చెప్పరు. బాలానగర్‌లో 1968లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. అక్కడి టూల్, డై, మోల్డ్ డిప్లొమా పిల్లలకి మెషిన్ మీద చేయి తిరిగి ఉంటుంది. నేను చూసిన చాలామంది తాజా బీటెక్‌ల కంటే నయం.

ఇంటర్ అయినవాడికీ దారులున్నాయి. కొన్ని ఐటీ కంపెనీలు ఇంటర్ పాసైన పిల్లల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, ఉద్యోగం చేయిస్తూనే డిగ్రీ చదివిస్తున్నాయి. హెచ్‌సీఎల్ టెక్‌బీ అలాంటిది. బీఎస్సీ, బీసీఏ వాళ్ళని తీసుకుని ఎంటెక్ చదివించే పద్ధతి విప్రోలో ఎప్పటి నుంచో ఉంది. చేరేముందు బాండ్ ఎన్నేళ్ళో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో ఇంట్లో నలుగురూ కూర్చుని చదవాలి. ఇక ఏ కాలేజీలో చేరినా అప్రెంటిస్‌షిప్ వదలొద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. స్టైపెండ్ తక్కువే. కానీ చివర్లో వచ్చే సర్టిఫికెట్ సర్కారుది, కన్సల్టెన్సీ లెటర్ కాదు. షెడ్డుల్లో పని నేర్చుకున్నవాళ్ళు కూడా మూడేళ్ళ అనుభవం చూపించి, ప్రైవేట్ అభ్యర్థిగా ఐటీఐ ట్రేడ్ పరీక్ష రాసే వీలుంది. మా మేస్త్రికి ఈ సంగతి ఎవరైనా ముప్పై ఏళ్ళ ముందు చెప్పి ఉంటే బాగుండేది.

మేనేజ్‌మెంట్ సీటుకి అప్పు చేయొద్దని మాత్రం అక్కకి గట్టిగానే చెప్పాను. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్‌కి జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయింది. అప్పటి నుంచీ కాలేజీ ఫీజులు, హాస్టల్ ఫీజులు ఆగలేదు. ఆ జీతంతో ఆ అప్పు తీరేదెప్పుడు?

ఒకప్పుడు ఇంకో మంచి దారి ఉండేది. అది మూసేసినందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఏఎంఐఈ. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే పరీక్ష అది. కాలేజీకి వెళ్ళక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ సెక్షన్ ఏ, సెక్షన్ బీ పేపర్లు ఒక్కొక్కటీ రాసుకుంటూ పోవచ్చు. రెండూ గట్టెక్కితే బీఈకి సమానంగా ప్రభుత్వాలు గుర్తించేవి. మా ఇంటి పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసే డిప్లొమా ఇంజనీరు ఒకాయన ఉండేవారు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి, కాసేపు కునుకు తీసి, వరండాలో చాప వేసుకుని మెటీరియల్స్ పేపరు చదివేవారు. చాలాసార్లు తప్పారు. ఆ పరీక్ష అంత కఠినం. పాసయ్యాక ఆయన్ని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేశారు. బాయిలర్ దగ్గర నేర్చుకున్న పని, పుస్తకంలో చదివిన కారణం, రెండూ ఒకే తలలో ఉన్న ఇంజనీర్లని నేను అలాంటివాళ్ళలోనే ఎక్కువగా చూశాను. 2013 మే 31 తర్వాత పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి ఆ సమాన గుర్తింపు లేదని కేంద్రం తేల్చేసింది. ఖైరతాబాద్‌లో ఆ సంస్థ భవనం అలాగే ఉంది. ఈ మధ్య, ఉద్యోగాలు చేసేవాళ్ళకి వీలైన వేళల్లో బీటెక్ నడుపుకోవచ్చని, సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ కాలేజీలకి అనుమతిచ్చింది. అది కొంత నయం, కానీ మళ్ళీ కాలేజీ ఫీజు, కాలేజీ హాజరు. ఏఎంఐఈలో నీకు తెలుసా తెలియదా అన్నది ఒక్కటే ప్రశ్న.

అనుభవాన్ని కొలవడం కుదరదనే వాదన ఒకటుంది. ప్రభుత్వమే కొలుస్తోంది. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) కాంట్రాక్టు నిబంధనలు తిరగేస్తే, సైటులో ఎందరు ఇంజనీర్లని పెట్టాలో చెప్పే చోట, పేరున్న నిర్మాణ సంస్థలో పదేళ్ళు తగిన అనుభవం ఉన్న డిప్లొమావాణ్ణి డిగ్రీ ఇంజనీరుతో సమానంగా చూడొచ్చని ఉంటుంది. ఆ వెంటనే, అలాంటివాళ్ళు కావాల్సిన డిగ్రీ ఇంజనీర్లలో సగానికి మించకూడదనీ ఉంటుంది. సమానమైతే సగం దగ్గర ఆపడమెందుకో రాసినవాళ్ళకే తెలియాలి. అయినా సరే, కనీసం సగం దూరమైనా వచ్చిన నిబంధన అది. ప్రైవేటు కంపెనీలు అంత కూడా రాలేదు.

ఆ నిబంధన చూపించే, మొన్న మా డిజైన్ విభాగం ప్రకటనలో "బీఈ/బీటెక్" పక్కన "లేదా డిప్లొమా, పదేళ్ళ అనుభవం" అని చేర్పించాను. దానికోసం మూడు మీటింగులు పట్టాయి. వచ్చిన దరఖాస్తుల్లో అలాంటివాళ్ళు కొందరున్నారు. జీడిమెట్లలో ప్రెస్ టూల్స్ చేసిన ఒకతన్ని ఎంపిక చేశాం. టెస్ట్ డ్రాయింగులో మేము కావాలని పెట్టిన రెండు తప్పులు పట్టుకుని, మాకు తెలియని మూడోది కూడా చూపించాడు. హెచ్ఆర్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. హోదా డిజైన్ ఇంజనీరే, జీతం మాత్రం డిప్లొమా గ్రేడులో వేశారు. సిస్టమ్‌లో క్వాలిఫికేషన్ కాలమ్‌ని బట్టి గ్రేడు దానంతటదే వస్తుందట. ఆ గ్రేడు మార్చాలని పెట్టిన ఫైలు ఇంకా ఫైనాన్స్ దగ్గరే ఉంది, అతను ఇంకా చేరలేదు.